ఇసాక్వా క్రీక్ ఒడ్డున మొక్కలు నాటే వాలంటీరింగ్: చేపలకి నిజంగా పనికొస్తుందా, అవర్స్ కోసమేనా?

సమామిష్_సుజాత:
అందరికీ నమస్తే. మా అమ్మాయి నైన్త్ గ్రేడ్, వాలంటీర్ అవర్స్ (ఉచితంగా సేవ చేసిన గంటలు) కావాలని ప్రాణం తీస్తోంది. ఫుడ్ బ్యాంక్‌లో స్లాట్లు దొరకట్లేదు. పక్కింటావిడ చెప్పింది, మన సియాటిల్ దగ్గర లేక్ సమామిష్ స్టేట్ పార్క్‌లో ఇసాక్వా క్రీక్ పక్కన మొక్కలు నాటే ప్రోగ్రాం ఉంటుందట, మౌంటెన్స్ టు సౌండ్ గ్రీన్‌వే అనే సంస్థ వాళ్ళు పెడతారు, సాల్మన్ చేపల కోసమట. శనివారం పొద్దున్నే, అదీ జనవరిలో! ఈ చలిలో ఈ ముసురులో మొక్కలెవరు నాటతారండీ, మన వైపు తొలకరి పడ్డాక కదా నాటేది. మా ఆయనేమో చెట్టుకీ చేపకీ ఏంటి సంబంధం, చేప చెట్టెక్కుతుందా అని ఒకటే నవ్వు. వెళ్ళినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. నేను హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నా, ఉద్యోగం చేసే పర్మిషన్ లేదు, నేనూ చెయ్యొచ్చా లేక పిల్లని దింపేసి కార్లో కూర్చోవాలా?

బాతెల్_బాబాయ్:
సుజాతమ్మా, జనవరి ఎందుకంటే ఇక్కడ వానాకాలం ఇదే. అక్టోబర్ నుంచి మార్చి దాకా ముసురు, జూలై ఆగస్టు వచ్చేసరికి చుక్క పడదు. ఇప్పుడు చెట్లు నిద్దట్లో ఉంటయ్, ఆకు లేదు కాబట్టి పెద్దగా నీళ్ళడగవు, ఇప్పుడు నాటితే వేరు నిదానంగా సర్దుకుని ఎండలొచ్చేలోపు కిందికి దిగిద్ది. ఏప్రిల్లో ఎండ బాగుంది కదా అని నాటామనుకో, జూలైకి మాడిపోద్ది.

ఇక మీ ఆయన ప్రశ్న. సాల్మన్‌కి చల్లటి నీళ్ళు కావాలమ్మా. వాషింగ్టన్ స్టేట్ రూల్స్‌లో సాల్మన్ ముఖ్యంగా ఉండే వాగులకి ఎండాకాలం నీళ్ళు 16 డిగ్రీలు దాటకూడదని ఉంది, సెల్సియస్‌లోనే. 20 దాటితే చేపకి నలత మొదలు, ఇంకా పైకెళ్తే చచ్చిపోద్ది. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గిద్ది, మన కొర్రమీను అయితే పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తది, సాల్మన్‌కి ఆ విద్య లేదు. సన్నవాగు మీద రెండు పక్కలా చెట్లు గొడుగు పట్టాయంటే ఎండ నీళ్ళ మీద పడదు. అది మొదటి సంగతి. రెండోది ఒడ్డు కోసుకుపోకుండా వేళ్ళు పట్టుకుంటయ్, సాల్మన్ గుడ్లు పెట్టేది వాగు అడుగున గులకరాళ్ళలో, ఒడ్డు మట్టి కొట్టుకొచ్చి రాళ్ళ సందుల్లో కూరుకుందంటే గుడ్లకి గాలాడదు, లోపలే చచ్చిపోతయ్. మూడోది కొమ్మల మీద నుంచి నీళ్ళలోకి రాలే పురుగులు, చేపపిల్లలకి అవే తిండి. ఇంకా దుంగల సంగతుంది, అది రాత్రికి రాస్తా, ఇప్పుడు మీటింగ్.

బెల్‌వ్యూ_బుల్లోడు:
బాబాయ్ అంతా కరెక్టే కానీ ఇది ఫీల్ గుడ్ ప్రోగ్రాం బ్రో. కోహో సాల్మన్ చస్తున్నది ఎండకి కాదు, మన కార్ల టైర్లకి. 2020 డిసెంబర్లో యూడబ్ల్యూ టకోమా, డబ్ల్యూఎస్‌యూ యూనివర్సిటీల వాళ్ళు కలిసి బయటపెట్టారు, టైర్లలో పగుళ్ళు రాకుండా వేసే 6పీపీడీ అనే కెమికల్ గాల్లో ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అయి, వాన పడగానే రోడ్డు మీద నుంచి వాగులోకి పోయి, గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో గంటల్లో గిలగిల కొట్టుకుని చచ్చిపోతున్నాయి. వెస్ట్ సియాటిల్ లాంగ్‌ఫెలో క్రీక్ దగ్గర ఎవరన్నా అక్టోబర్ నవంబర్‌లో వెళ్తే కళ్ళారా చూడొచ్చు. అందరూ ఎస్‌యూవీలేసుకుని వెళ్ళి, చేపల కోసం మొక్క నాటి, ఫోటో దిగి, ఐ-90 హైవే ఎక్కి ఇంటికి. ఇందులో నాకు కామెడీ కనిపిస్తోంది మరి.

వానచినుకు:
@బుల్లోడు, కామెడీ ఉంది, ఒప్పుకుంటా. నేను స్టార్మ్‌వాటర్ (రోడ్ల మీద పారే వాననీటి) సైడ్ పనిచేస్తా కాబట్టి రెండు ముక్కలు. ఆ కెమికల్ కోహోకి మాత్రం విషమే, స్టీల్‌హెడ్ అనే దాని చుట్టం చేపకీ హానే. కానీ అదే నీళ్ళలో చమ్ సాల్మన్‌ని పెడితే ఏమీ కాలేదు. కాబట్టి సాల్మన్ అన్నీ టైర్లకే చస్తున్నాయి అనడం కుదరదు. ఇంకోటి, పుయాలప్‌లో చేసిన ప్రయోగాల్లో హైవే మీద పారిన నీటిని ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టి గుండా వడకట్టి అందులో కోహోని వదిలితే బతికాయి. అంటే మట్టికి ఆ విషాన్ని పట్టుకునే శక్తి ఉంది. మరి వాగు ఒడ్డున చెట్లు పెడితే ఆ పని అవుతుందా అంటే, నీళ్ళు ఆ ఒడ్డు మట్టిలోకి ఇంకితే అవుతుంది. మన సిటీల్లో జరిగేదేంటంటే రోడ్డు పక్క డ్రెయిన్ నుంచి పైపు ఒకటి ఆ చెట్ల కింద నుంచే వెళ్ళి నేరుగా వాగులో కక్కుతుంది. పైన అడవి ఎంత పచ్చగా ఉన్నా ఆ పైపుకి సంబంధం లేదు. అందుకే రోడ్డు నీళ్ళని మట్టిలోకి ఇంకించే రెయిన్ గార్డెన్లు వేరే పని, ఒడ్డున చెట్లు వేరే పని, రెండూ కావాలి. దీన్ని చూపించి దాన్ని వద్దనకూడదు.

బెల్‌వ్యూ_బుల్లోడు:
సరే అక్కా, పైపు పాయింట్ తీసుకున్నా. కానీ కల్వర్ట్‌ల సంగతేంటి? రోడ్ల కింద ఇరుకు పైపులేసి చేప పైకి వెళ్ళకుండా చేశారు, ఇక్కడి ఆదివాసీ ట్రైబ్స్ వాళ్ళు కోర్టుకెళ్తే 2018లో సుప్రీంకోర్టులో జడ్జీలు 4-4గా చీలిపోయి కింది కోర్టు తీర్పు నిలబడింది, స్టేట్ వేల కోట్ల రూపాయలకి సరిపడా డాలర్లు పోసి మారుస్తోంది ఇప్పుడు. చేప అసలు పైకే రాకపోతే నీడ ఎవరికి?

వానచినుకు:
అందుకే కల్వర్ట్ మార్చిన చోటల్లా పక్కన మొక్కలు కూడా నాటతారు. ఎక్స్‌కవేటర్ పెట్టి తవ్వేశాక ఒడ్డు బోడిగా ఉంటుంది కదా.

ఆ కల్వర్ట్ కేస్ వెనకున్నది 1974లో బోల్ట్ అనే జడ్జి ఇచ్చిన తీర్పు, అది కూడా చెప్పాలి. 1850లలో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం పట్టుకోదగ్గ చేపల్లో సగం ట్రైబ్స్‌వి అని. చేపలే లేకపోతే సగం హక్కు ఉండి ఏం లాభం అన్నదే వాళ్ళ వాదన. మనం ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళో ముప్పై ఏళ్ళో, వాళ్ళు వేల ఏళ్ళుగా ఈ చేప మీద బతికినవాళ్ళు. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఇది చెప్తే ఒక్కరు రిప్లై ఇవ్వలేదు, సాల్మన్ పులుసు రెసిపీ పెడితే మాత్రం నలభై లైకులు 😀

ఆత్రేయపురం_అబ్బాయి:
ఆయ్, పులుసు మాటొచ్చింది కాబట్టి నేనూ వచ్చేశానండి. నేనుండేది డల్లాసు, మీ సియాటిల్ కాదు, కానీ ఈ సాల్మన్ కథ వింటుంటే మా పులసే గుర్తొస్తందండి. అదీ సముద్రం నుంచి గోదారిలోకి వరదనీటికి ఎదురీదుకుంటా వస్తది గుడ్లు పెట్టడానికి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక అది దాటి పైకెళ్ళడం దానికి కష్టమైపోయిందండి. ఆనకట్ట వల్లే డెల్టాలో మా తాతలు అన్నం తిన్నారు, దాన్ని తప్పు పట్టట్లేదండి బాబూ, ఊరూరా కాటన్ దొర విగ్రహాలున్నాయి. కానీ మా గోదారి గట్టు మీద కూడా ఇలా చెట్లేస్తే పులస పెరుగుద్దంటారా?

బాతెల్_బాబాయ్:
అబ్బాయ్, నీడ పనిచేసేది సన్నవాగు మీదే. కొమ్మ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అందాలి. గోదారి వెడల్పుకి ఏ చెట్టు అందిద్ది? దానికి దారి కావాలి, గుడ్లతో వచ్చే రోజుల్లో వల ఆపాలి, అది వేరే వైద్యం. ఇక్కడ కూడా అంతే, పెద్ద నదుల మీద నీడ వల్ల ఒరిగేది తక్కువ, వాటిలో కలిసే పిల్లవాగుల్ని చల్లగా ఉంచితే ఆ చల్లటి నీళ్ళు కలిసే చోట చేప ఎండాకాలం తలదాచుకుంటది.

రాత్రి చెప్తానన్న దుంగల సంగతి. 1950ల నుంచి 70ల దాకా ఇక్కడ ప్రభుత్వం వాళ్ళే వాగుల్లో పడిన దుంగల్ని తీయించేశారు, చేపలకి అడ్డం అని. మంచి చేద్దామనే చేశారు పాపం. తీరా చూస్తే దుంగ అడ్డం పడితేనే దాని వెనక గుంట ఏర్పడి, నీళ్ళు నెమ్మదించి, గులకరాళ్ళు నిలిచి, పిల్లచేపలు వరదకి కొట్టుకుపోకుండా దాని చాటున నిలబడేవని తర్వాత తెలిసింది. ఇప్పుడు అదే దుంగల్ని, వేళ్ళతో సహా, ఎక్స్‌కవేటర్లతో, కొన్ని చోట్ల హెలికాప్టర్లతో తెచ్చి మళ్ళీ వాగుల్లో పెడుతున్నారు. వాళ్ళు పెట్టింది కుళ్ళిపోయే నాటికి పక్కన పెద్ద సీడర్ చెట్లు ఉండాలి, అవి వాటంతటవి పడాలి. ఆ సీడర్లే మనం ఇప్పుడు నాటేవి. అది దుంగ అయ్యేసరికి సుజాతమ్మ మనవరాలికి మనవరాలు ఉంటది.

సమామిష్_సుజాత:
అయ్యబాబోయ్ ఇంత ఉందా. మా ఆయనకి ఫార్వర్డ్ చేశా, నవ్వు ఆగింది. బాబాయ్ గారూ మరి సీడర్ అంత నిదానమైతే నీడ ఎప్పటికి వస్తుంది?

వానచినుకు:
అందుకే కలిపి నాటతారు సుజాత గారూ. విల్లో, ఆల్డర్, కాటన్‌వుడ్ గబగబా పెరుగుతాయి, కొన్నేళ్ళలోనే సన్నవాగు మీద నీడ ఇస్తాయి. ఆల్డర్ గాల్లో నైట్రోజన్‌ని మట్టిలోకి పట్టిస్తుంది కూడా. వాటి నీడలో సీడర్, స్ప్రూస్ నిదానంగా పైకొస్తాయి. తూర్పు పడమరలుగా పారే వాగైతే దక్షిణం ఒడ్డు ముఖ్యం, ఎండ వచ్చేది అటు నుంచే కదా.

నైట్రోజన్ అంటే గుర్తొచ్చింది, మీ ఆయనకి ఇదీ చెప్పండి, చేప చెట్టెక్కుతుందా అన్నారుగా. ఎక్కుతుంది! అలాస్కాలో 2001లో వచ్చిన స్టడీలో సాల్మన్ గుడ్లు పెట్టే వాగుల పక్క చెట్ల ఆకుల్లో ఉన్న నైట్రోజన్‌లో 22 నుంచి 24 శాతం దాకా చేపల నుంచి వచ్చిందే అని తేలింది. ఎలుగుబంట్లు పట్టుకుని అడవిలోకి లాక్కెళ్ళి సగం తిని వదిలేస్తాయి, మిగతాది ఎరువు.

సిరిసిల్ల_చిన్నోడు:
అన్నలు అక్కలు మంచిగ చెప్తున్రు. నాది చిన్న డౌటు. మా దిక్కు హరితహారం 2015ల షురూ అయింది, పంచాయతికి ట్రాక్టరు, ట్యాంకరు ఇచ్చిన్రు నీళ్ళు పొయ్యనీకి. 2018 పంచాయతి చట్టంల పెట్టిన మొక్కల్ల 85 శాతం బతకాలె అని రాసిన్రు గూడ, లేకుంటె సర్పంచి మీద యాక్షన్. గాడ మీకు నీళ్ళెవలు పోస్తరు? వాలంటీర్లు ఫోటో దిగి పోతె ఎండాకాలం గవి ఎట్ల బతుకుతయ్?

బాతెల్_బాబాయ్:
చిన్నోడా, అసలు ప్రశ్న నువ్వే అడిగావు. నాటే రోజు జనం బాగానే వస్తారు, కంపెనీల నుంచి టీషర్టులేసుకుని టీములకి టీములే వస్తయ్, మైక్రోసాఫ్ట్ వాళ్ళకైతే వాలంటీర్ చేసిన గంటకి 25 డాలర్లు ఆ సంస్థకి కంపెనీ ఇస్తది, అది మంచిదే. కానీ నాటిన తర్వాత రెండు మూడు ఎండాకాలాలు దాటించడమే పని. చాలా చోట్ల ట్యాంకరు వెళ్ళే దారి ఉండదు, నీళ్ళు పొయ్యరు. అందుకే చలికాలంలో నాటడం, మొదలు చుట్టూ వుడ్ చిప్స్ మందంగా పరవడం, కొన్ని పోతయ్ అని ముందే లెక్కేసుకుని దగ్గర దగ్గరగా పెట్టడం.

నీళ్ళ కంటే పెద్ద శత్రువు కలుపు. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అనే ముళ్ళకంప, రీడ్ కానరీ గడ్డి. ఈ గడ్డి మనిషి ఎత్తు పెరిగి చలికాలం మంచు పడితే మొక్క మీద పడుకుంటది, కింద మొక్క ఎక్కడుందో కూడా కనపడదు. ఇంక బ్లాక్‌బెర్రీ, దాన్ని పీకడానికి జూన్ జూలైలో పిలిస్తే సైన్అప్ షీట్ ఖాళీ. నేను ఎవరికైనా ఒకటే చెప్తా, కొత్త కొత్త చోట్ల నాటుకుంటూ పోవడం కన్నా ఒక్క ముక్క పట్టుకుని దాని దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి.

నిమ్మతొన:
హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటే మనవైపుదేనా? మా ఆఫీసులో తెల్లాయన ఒకడు నన్ను చూసి మీ ఊరి ముళ్ళకంప మా పెరడంతా మింగింది అన్నాడు 🙄

వానచినుకు:
కాదు! దాని సొంతూరు అర్మేనియా, ఉత్తర ఇరాన్ వైపు. 1885లో లూథర్ బర్బ్యాంక్ అనే కాలిఫోర్నియా నర్సరీ ఆయన, ఇండియా నుంచి తెప్పించిన విత్తనాలు అని చెప్పి, హిమాలయా జెయింట్ అని పేరు పెట్టి అమ్మాడు. రేపు వెళ్ళి మీ తెల్లాయనకి చెప్పండి, మీవాడే తెచ్చి నాటాడు అని.

సిరిసిల్ల_చిన్నోడు:
😂😂 గట్లనా. మా వాగు పొంట ఏరుమద్దులు ఉంటుండె పెద్దపెద్దయి, వాటి ఏర్ల సందుల్ల చేపలు పడుతుంటిమి చిన్నప్పుడు. ఇసుక తీసుడు మొదలైనంక ఏరుమద్దీ లేదు చేపా లేదు. ఈసారి పెట్టెటప్పుడు కానుగ, గుల్మొహర్ గాకుండ మద్ది పెట్టుమని మావోళ్ళకు చెప్తా.

బాతెల్_బాబాయ్:
చెప్పు చిన్నోడా, ఏ వాగుకి ఆ వాగు చెట్టే. ఇక్కడ కూడా నర్సరీలో చుట్టుపక్కల అడవి నుంచి తెచ్చిన విత్తనంతో పెంచినవే వాడతారు.

బెల్‌వ్యూ_బుల్లోడు:
బాబాయ్ బీవర్ల (చెట్లు కొరికి వాగుకి అడ్డుకట్ట కట్టే జంతువుల) సంగతి చెప్పలేదు. మా ఇంటి వెనక సిటీ వాళ్ళు ముచ్చటగా కాటన్‌వుడ్ నాటారు, బొటనవేలి లావు దాటగానే ఒక్కోటీ ఒక్కోటీ కొరికి పట్టుకుపోయింది. ఇనప మెష్ కట్టారు, అప్పటికి మిగిలింది మెష్ కట్టడానికి కూడా సరిపోలా. చేపల కోసం చెట్లు, చెట్లు తినడానికి బీవర్లు, భలే ప్రాజెక్ట్.

వానచినుకు:
బీవర్ కట్టే గుంటల్లో కోహో పిల్లలు చలికాలం హాయిగా పెరుగుతాయి, కాబట్టి దాని వాటా దానికి ఇవ్వాలి బుల్లోడూ. విల్లో కొరికినా మళ్ళీ మొదట్నుంచి చిగురేస్తుంది, సీడర్‌కి మాత్రం మెష్ తప్పదు. విల్లోలైతే వేళ్ళతో కూడా పన్లేదు, మునగ కొమ్మ పాతినట్టే. చలికాలం ఆకు లేనప్పుడు కొమ్మ నరికి, గునపంతో గుంట చేసి, మూడింట రెండొంతులు లోపలికి దిగేలా గుచ్చడమే. మొగ్గ మొన పైకుండాలి, తలకిందులు చెయ్యకండి.

అడ్మిన్_గోపి:
థ్రెడ్ బాగుంది, పిన్ చేస్తున్నా. ఒక మనవి, నాకు ప్రైవేట్ మెసేజ్‌లలో పులస కేజీ ఎంత, డల్లాస్‌లో దొరుకుతుందా అని అడుగుతున్నారు, దానికి వంటల సెక్షన్‌లో పాత థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి దయచేసి.

నిమ్మతొన:
సుజాత గారి హెచ్4 ప్రశ్నకి ఎవరూ చెప్పలేదు. నాన్ ప్రాఫిట్‌కి, డబ్బు కానీ ఇంకేదైనా ప్రతిఫలం కానీ తీసుకోకుండా, మామూలుగా వాలంటీర్లే చేసే పని చేస్తే ఇబ్బంది లేదండీ. మొక్కలు నాటడం అలాంటిదే. నేను ఈఏడీ (వర్క్ పర్మిట్) రాక ముందు నుంచీ వెళ్తున్నా. మరీ అనుమానం ఉంటే లాయర్ని అడగండి కానీ కార్లో మాత్రం కూర్చోకండి, అద్దాలు మంచు పట్టి మీరే గడ్డకడతారు.

ఇంకోటి, కుక్కని తీసుకెళ్ళకండి. ఒడ్డున చచ్చిపడిన సాల్మన్ తింటే ఇక్కడ కుక్కలకి సాల్మన్ పాయిజనింగ్ అని ఒక జబ్బు వస్తుంది, మందివ్వకపోతే పోతాయి. అలాగే చలికాలమంతా గులకరాళ్ళ కింద గుడ్లుంటాయి కాబట్టి పిల్లల్ని నీళ్ళలో దిగనివ్వద్దు, పైన ఏమీ కనపడదు, తొక్కేస్తారు.

సమామిష్_సుజాత:
వెళ్ళొచ్చాం! ముగ్గురం వెళ్ళాం, మా ఆయన కూడా 😀 బురద మోకాళ్ళ దాకా, రెయిన్ బూట్లు లేకపోతే అయిపోయేవాళ్ళం. పారలూ గ్లవ్స్ వాళ్ళే ఇచ్చారు. మొదట ఎలా నాటాలో చూపించారు, మొక్కని కుండీ నుంచి తీసి చుట్టుకుపోయిన వేళ్ళని చేత్తో విడదీసి, కుండీలో ఎంత లోతుందో అంతే లోతులో పెట్టి, మట్టి కప్పి గాలి లేకుండా కాలితో మెల్లగా నొక్కాలి. వుడ్ చిప్స్ మొదలుకి తగలకూడదు, తగిలితే కుళ్ళుతుందట, చుట్టూ చేతి గాజులా గుండ్రంగా జాగా వదలాలి. మా అమ్మాయి మొదట ఫోన్లోనే ఉంది, తర్వాత సాల్మన్‌బెర్రీ, నైన్‌బార్క్ అని మొక్కల పేర్లు నేర్చుకుని వాళ్ళ నాన్నకి పాఠం చెప్తోంది. ఒకతను కొకనీ గురించి చెప్పాడు, సముద్రానికి వెళ్ళకుండా ఈ లేక్‌లోనే ఉండిపోయే సాకై రకం సాల్మన్ అట. ఒకప్పుడు వేలల్లో ఉండేవట, 2017లో అయితే లెక్కకి ఇరవై కూడా రాలేదన్నాడు. నిజమేనా?

వానచినుకు:
నిజమేనండీ. లూయిస్ క్రీక్, ఎబ్రైట్ క్రీక్, లాఫింగ్ జేకబ్స్ క్రీక్, ముఖ్యంగా ఈ మూడు వాగుల్లోనే గుడ్లు పెడతాయి. వాటి తిప్పలు వాగుతో ఆగవు. ఎండాకాలం లేక్‌లో పైనీళ్ళు వేడెక్కిపోతాయి, అడుగునేమో ఆక్సిజన్ ఉండదు, మధ్యలో సన్నటి పొరలో ఇరుక్కుంటాయి. దానికి మనం నాటిన మొక్క ఒక్కటే చాలదు. అందుకే గుడ్లు తీసి హ్యాచరీలో పొదిగించి కూడా వదులుతున్నారు.

సమామిష్_సుజాత:
బాబాయ్ గారు చెప్పింది కూడా అయింది. చివర్లో జూలైలో బ్లాక్‌బెర్రీ పీకడానికి ఎవరొస్తారు అని షీట్ పట్టుకుని తిరిగారు, అందరూ కార్ల వైపు నడిచారు. మా ఆయన రాశాడు. ఇండియా ట్రిప్ ఆగస్టులో కాబట్టి కుదురుతుంది. ఇక్కడినుంచి ఇంకెవరైనా వస్తారా? మన కార్లోనే నలుగురు పడతారు.

నిమ్మతొన:
నేను రెడీ. నాట్‌వీడ్ అనే కలుపు కూడా పీకిస్తారా? మా ఇంటి దగ్గర వాగు పక్కన బోలెడుంది.

బాతెల్_బాబాయ్:
నాట్‌వీడ్ జోలికి పోవద్దమ్మా. పీకితే వేరు ముక్క మిగిలిన చోటల్లా మళ్ళీ మొలిచిద్ది, వాగులో పడితే కింద ఊళ్ళకి కూడా అంటిద్ది. దానికి లైసెన్స్ ఉన్నవాళ్ళు కాండంలోకి మందెక్కిస్తారు. ఫోటో తీసి కౌంటీ వాళ్ళ కలుపు ప్రోగ్రాంకి పంపించు చాలు.

బెల్‌వ్యూ_బుల్లోడు:
జూలైకి నన్ను కూడా రాయండి సుజాత గారూ. నా టైర్లు మాత్రం మార్చలేను.

సమామిష్_సుజాత:
రాశాను. నేను పులిహోర తెస్తా. ఏం గ్లవ్స్ తెచ్చుకోవాలి బాబాయ్ గారూ?

బాతెల్_బాబాయ్:
తోలువి, మోచేతి దాకా ఉండేవి. గుడ్డవి అయితే ముల్లు దిగిద్ది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మందపు ప్యాంటు. పైన కత్తిరిస్తే సరిపోదు, మొదట్లో గడ్డ ఉంటది, అది తవ్వి తియ్యాలి, చిన్న గునపం నేను తెస్తా.